ఒక పెట్టెకు చెప్తే అన్నిటికీ

పాలరోగం ఒక పురుగుతో మొదలై పడకంతా పాకడం మన మత్తిగిరి రైతులకు తెలిసిందే. షెడ్డులో వేడి, తేమ కొలిచే సెన్సర్ పెట్టెలు కొన్నిట్లో కబురు పాకేదీ అట్లనే.

చాకీకి 27-28 డిగ్రీలు కావాలి, ఐదో దశకు 24-25. నాలుగో జ్వరం లేచినాక ఈ కొత్త హద్దు ఒక పెట్టెకు పంపితే చాలు. అది పక్కవాటికి, అవి వాటి పక్కవాటికి చెప్తాయి. నడుమ ఒకటి చెడినా ఇంకో దారి ఉంటుంది.

అన్నీ ఊరికే అరుస్తా ఉంటే మాత్రం బ్యాటరీ అయిపోతుంది. దీనికి 2004లో అమెరికాలో బర్క్‌లీ వాళ్ళు ‘ట్రికిల్’ అనే ఉపాయం చెప్పినారు. పక్కన అదే మాట వినబడితే పెట్టె గమ్మునుంటుంది, పాత మాట వినబడితే గబగబా కొత్తది చెప్తుంది. (ఊరి పుకార్లకు ఈ బుద్ధి లేదు!)

ఇనుప స్టాండ్లు, తడి ఆకు రేడియోకు అడ్డం. మూలన ఒంటరిగా ఉన్న పెట్టెకు కబురు అందకపోతే అది ఇంకా 28కే కాపలా కాస్తుంది. అక్కడ పురుగు వేడికి సొక్కినా గంట మోగదు. ప్రతి పెట్టెకూ రెండు మూడు పెట్టెలు దగ్గరుండేలా పెట్టుకోండి.