మీకు తెలుసా? నాలుగో క్లిప్పు బ్యాటరీకి కాదు

సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చారు. తాళం తిప్పితే టక్ టక్ చప్పుడే తప్ప ఇంజిన్ కదలదు, డాష్‌బోర్డు లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. బ్యాటరీ డౌన్. పక్కింటాయన కారు, ఒక జత జంపర్ కేబుళ్లు దొరికితే పది నిమిషాల పని. ఆ కేబుళ్లకు నాలుగు క్లిప్పులుంటాయి. ప్రమాదం పొంచి ఉండేది నాలుగో దాని దగ్గర.

కారు బ్యాటరీలో ఆరు సెల్స్. నిండుగా ఛార్జి ఉంటే అన్నీ కలిపి సుమారు 12.6 వోల్టులు, 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. లోపల సీసం పలకలు, అవి మునిగేలా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. ఛార్జి ఎక్కేటప్పుడు ఆ నీళ్లు కొంత విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికొస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు, ఉన్నట్టే తెలియదు.

నాలుగో క్లిప్పు తగలగానే సర్క్యూట్ పూర్తవుతుంది. చిటుక్కున రవ్వ లేచేది అప్పుడే. అది బ్యాటరీ పక్కనే లేచి లోపలి వాయువు అంటుకుంటే డబ్బా పగులుతుంది, ఆమ్లం చిమ్ముతుంది. బానెట్ కింద వంగి ఉన్న మన ముఖం దానికి జానెడు దూరంలో ఉంటుంది.

అందుకే ఈ వరుస. ఎర్ర కేబుల్ ఒక కొస డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి. మిగిలిన నాలుగో క్లిప్పు డౌన్ అయిన బండి ఇంజిన్ మీద, రంగు వెయ్యని గట్టి బోల్టుకు. బ్యాటరీకి దూరంగా, బెల్టుకూ ఫ్యానుకూ తగలకుండా. మైనస్ నుంచి ఇంజిన్‌కు ఎలాగూ ఎర్త్ తీగ ఉంటుంది కాబట్టి కరెంటు ఆ దారినే చేరుతుంది. ఎర్రది డౌన్ అయిన బండి దగ్గరే మొదలుపెట్టడానికీ కారణముంది: చేతిలోని రెండో కొస పొరపాటున ఆ బండి బాడీకి తగిలినా, అక్కడున్నది నీరసించిన బ్యాటరీ.

పన్నెండు వోల్టులేగా, ఏమవుతుందిలే అనుకోకండి. పొడి చేతికి షాక్ కొట్టదు, నిజమే. కానీ స్టార్టర్ మోటారును తిప్పడానికి వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగల బ్యాటరీ అది. చేతి ఉంగరమో గాజో ప్లస్‌కీ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో కాలిపోయి చర్మానికి అంటుకుంటుంది. ముందే తీసి జేబులో వేసుకోండి. చీకట్లో వెలుతురు కోసం అగ్గిపుల్ల గీయకండి, ఫోన్ టార్చి చాలు. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపేసి, గేరు న్యూట్రల్లోనో పార్కులోనో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేశాకే కేబుళ్లు తగిలించాలి. సాయం చేస్తానని లారీ డ్రైవరు ముందుకొచ్చినా వద్దనండి: పెద్ద లారీలు చాలావరకు 24 వోల్టులవి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే మాన్యువల్ చూడనిదే చెయ్యి పెట్టొద్దు.

ఉబ్బిన, పగిలిన, కారుతున్న బ్యాటరీ జోలికి వెళ్లొద్దు. షికాగో చలిలో ఉండే మనవాళ్లకు ఇంకోటి: ఛార్జి అయిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే, గడ్డకడుతుంది. గడ్డకట్టినదానికి కేబుళ్లు తగిలిస్తే పగలొచ్చు.

మంచి కారు స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఆగి, అప్పుడు రెండోదానికి సెల్ఫ్ కొట్టండి. అందుకున్నాక తీసేది తిరుగు వరుసలో, ముందుగా ఇంజిన్ మీది నల్ల క్లిప్పు. సర్క్యూట్ తెగేది దానితోనే, రవ్వ మళ్లీ లేచేదీ అక్కడే. ఆ తర్వాత ఇంజిన్ ఆపకుండా కనీసం అరగంట తిప్పండి. తెల్లారి మళ్లీ టక్ టక్ అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ మెకానిక్‌కు చూపించండి.