గడప లేని గది

గడప లేని ఇల్లు మనవాళ్ళు ఊహించలేరు. కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టాలంటే ముహూర్తం కావాలి. శుక్రవారం వస్తే గడపకు పసుపూ కుంకుమా పెట్టాలి. కొత్తకోడలు కుడికాలు ముందు పెట్టేది ఆ గడప దాటటానికే. కోపం వస్తే "మళ్ళీ నీ గడప తొక్కను" అంటాం. అటువంటి గడప మచ్చుకైనా లేని గదిలో కిందటి మాఘమాసంలో నేనూ మా ఆవిడా వొక రాత్రి పడుకున్నాం. అక్కడ పడుకోవలసినవాళ్ళం మేము కాదని తెల్లవారిన తరవాత తెలిసింది.

మా ఆవిడ పినతల్లి మనవరాలి పెళ్ళి విశాఖపట్నంలో. విడిది ఇంట్లో కాలు పెట్టటానికి చోటు లేదు. నలభై దాటిన నడుముకు చాపమీద నిద్ర పట్టదని చెప్పి, సాయంత్రం ఆరింటికి పక్కవీధిలో వొక హోటలుకు వెళ్ళాం. బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడు.

"మామూలు గదులు మూడున్నాయి సార్. అదే అద్దెకు కింద పెద్ద గది వొకటుంది. చక్రాల కుర్చీ వాళ్ళకోసం కట్టింది. మీకేమీ పట్టింపు లేకపోతే అది ఇవ్వనా?"

"పెద్దదంటే ఎంత పెద్దదోయ్?" అన్నాను నేను.

"వాళ్ళెవరైనా వస్తేనో?" అన్నది మా ఆవిడ.

"ఎప్పుడోగాని రారమ్మా" అన్నాడతను.

ఆ రెండు ప్రశ్నల్లో అడగదగిన ప్రశ్న ఏదో ఎం.ఏ. చదివినవాడికి తట్టలేదు. తాళంచెవి తీసుకున్నాను.

గది చూస్తే నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. తలుపు మా కాలేజీ హాలు తలుపులాగా వెడల్పు. మంచానికి అటూ ఇటూ పిల్లలు బొంగరాలాడుకునేంత చోటు. అద్దం బాగా కిందికి దించి పెట్టారు. నిలబడితే నా పొట్ట కనిపించిందిగాని మొహం కనిపించలేదు. బీరువాలో తగిలించిన పంచె నేల వూడ్చింది. బయట ఎవరున్నారో చూసుకునే కన్నం తలుపుకు బొడ్డు ఎత్తులో వుంది. స్నానాల గదికి గడపే లేదు. ఈ నేలా ఆ నేలా ఒకటే మట్టం. లోపల గోడకు బిగించిన ఉక్కు కడ్డీలు, కూర్చుని స్నానం చెయ్యటానికి మడతపెట్టే బల్ల, చేత్తో పట్టుకునే జల్లు. పైనుంచి నేలదాకా వేలాడుతూ వొక ఎర్రతాడు.

ఆ తాడు ఎందుకో తెలుసుకుందామని లాగాను. ఎక్కడో గంట మోగింది. రెండు నిమిషాల్లో ఇద్దరు కుర్రాళ్ళు పరుగెత్తుకు వచ్చి, "పడ్డారా సార్?" అని అడిగారు. నేను పడలేదుగాని నా పరువు పడింది. వాళ్ళు వెళ్ళగానే, మళ్ళీ పొరపాటున చెయ్యి తగలకుండా ఆ తాడును పైకెత్తి కడ్డీకి ముడివేశాను. తడి తువ్వాలు కూడా ఆ కడ్డీమీదనే ఆరేశాను.

రాత్రి పదకొండింటికి తలుపవతల ఏదో అలికిడయింది. చక్రాలు దొర్లిన చప్పుడు, నెమ్మదిగా ఎవరో మాట్లాడిన మాటలు. సామాన్ల బండి కాబోలు అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

పొద్దున్న ఆరున్నరకు కాఫీ కోసం బయటికి వస్తే, ముందు హాల్లో చక్రాల కుర్చీలో నా యీడు మనిషి వొకాయన పేపరు చదువుకుంటున్నాడు. పక్కన పదేళ్ళ పిల్లవాడు. బల్ల దగ్గర ఆయన భార్య గొంతు తగ్గించి అడుగుతున్నది: "వారం కిందటే ఫోను చేశామండీ. వుంది, రండి అన్నారు కదా!" రాత్రి డ్యూటీ కుర్రాడు పుస్తకం తిప్పి చూపిస్తున్నాడు: "రాసి లేదమ్మా. నిన్న సాయంత్రమే వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

ఆ వేరేవాళ్ళం మేమే. ముహూర్తాల రోజులు కావటంచేత మిగతా గదులు కూడా రాత్రికి నిండిపోయాయి. పైన మిగిలిన ఒక్కటే వాళ్ళకి దొరికింది.

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఖమ్మంవైపు వారు. బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు రెండూ పోయాయి. కొడుకు ఇంతవరకు సముద్రం చూడలేదని తీసుకువచ్చారు.

"రాత్రి ఇబ్బంది పడ్డారా?" అన్నాను.

"లిఫ్టు వుందిగదండీ, పైకి వెళ్ళటానికి ఫరవాలేదు. మంచందాకా కుర్చీ వెళ్ళింది. స్నానాల గది తలుపు రెండడుగులే. అందులో కుర్చీ పట్టదు. దానికి మళ్ళీ గడప."

"మరి..." అన్నాను. ఆ తరవాత మాట నాకు నోట రాలేదు. ఆయనే అందుకున్నాడు.

"ప్రయాణమంటే మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు మానేస్తానండీ. అలవాటే."

ఎవరిమీదా నిష్ఠూరం లేదు. ఇవాళ మబ్బు పట్టిందండీ అన్నంత మామూలుగా అన్నాడు.

"ఆ గదిలో వున్నది నేనే" అన్నాను.

ఆయన నా కాళ్ళవైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, నవ్వాడు. "మీ తప్పేముందండీ? వాళ్ళిచ్చారు, మీరు తీసుకున్నారు."

పావుగంటలో గదులు మార్చుకున్నాం. మా ఆవిడ పక్కమీద కొత్త దుప్పటి వేయించింది. ఆయన కుర్చీ ఎక్కడా ఆగకుండా, ఎవరూ తొయ్యకుండా నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళింది. అక్కడ ఆయన మొదట చూసింది నేను ముడివేసిన ఎర్రతాడు.

"ఇది కిందిదాకా వుండాలండీ. పడ్డవాడి చేతికి అందాలి" అన్నాడు. పిల్లవాడు బల్లమీద మోకాలు ఆనించి ఆ ముడి విప్పాడు. అంత గట్టిగా ఎందుకు వేశానో నాకే తెలియదు. నేను నా తువ్వాలు తీసుకుని ఇవతలికి వచ్చాను.

ఆయన తలుపు వేసుకున్నాడు. బయట కూర్చున్న ఆయన భార్య మా ఆవిడతో అన్నదట: "పరాయి వూళ్ళో ఆయన తనంత తాను తలుపేసుకుని స్నానం చెయ్యటం ఇది రెండోసారి వదినగారూ!"

ఆ పూట పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా నాకు ఇదే ఆలోచన. అవసరం లేనివాడు ఆ గది తీసుకోవటం తప్పా?

మన బస్సుల్లో ఆడవాళ్ళకు కొన్ని సీట్లు వుంటాయి. ఖాళీగా వుంటే మగవాళ్ళు కూర్చుంటారు. ఆడమనిషి ఎక్కితే లేచి నిలబడతారు. లేవనివాణ్ణి కండక్టరు లేపుతాడు. ఇందులో ఎవరికీ కష్టం లేదు. ఈ గదికీ అదే న్యాయం వర్తిస్తుందని మొదట అనుకున్నాను. కాని వొక భేదం వుంది. బస్సులో ఎక్కే మనిషి కళ్ళకు కనిపిస్తుంది. హోటల్లో మనం లోపల గడియ పెట్టుకుని పడుకుంటాం. అర్ధరాత్రి ఎవరు వచ్చారో, ఎవరు తిరిగిపోయారో మనకు తెలియదు. చక్రాల చప్పుడు వినిపించినా సామాన్ల బండి అనుకుంటాం. అందుచేత బస్సులో అప్పటికప్పుడు చేసే మర్యాద, హోటల్లో తాళంచెవి తీసుకునేటప్పుడే చెయ్యాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చే తల్లిదండ్రులు మనలో ఇప్పుడు చాలామంది. అక్కడ హోటళ్ళలో మీకూ ఇటువంటి గది తగలవచ్చు. అక్కడ కార్లు నిలిపేచోట వికలాంగులకు కేటాయించిన స్థలం వుంటుంది. అది రోజంతా ఖాళీగా వున్నా, అనుమతి చీటీ లేనివాడు కారు పెట్టకూడదు, పెడితే జరిమానా. హోటలు గది విషయం అట్లా కాదు. వికలాంగుల కోసం ఆ దేశం 1990లో చేసిన చట్టం కింద, 2012 మార్చి 15 నుంచి హోటళ్ళకు వొక నిబంధన వుంది. అదే రకం మామూలు గదులన్నీ నిండేదాకా ఈ గదిని అవసరమైనవారి కోసం ఆపివుంచాలి. నిండిన తరవాత ఎవరికైనా ఇవ్వవచ్చు. ముందుగా కోరి కుదుర్చుకున్నవారికి మాత్రం ఆ గదినే పేరు మీద కట్టేసి, మరొకరికి పోకుండా చూడాలి. ఇందులో పెద్ద ధర్మసూక్ష్మమేమీ లేదు. బల్ల దగ్గర మా ఆవిడ అడిగిన ప్రశ్ననే వాళ్ళు చట్టంగా రాసుకున్నారు.

మన దేశంలోనూ చట్టానికి లోటు లేదు. 1995లో వచ్చిన చట్టం స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో వున్నది. సర్కారు కచేరీలకే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలకు కూడా అది వర్తిస్తుంది. నక్షత్రాల హోదా కోరే హోటళ్ళకు కేంద్ర పర్యాటకశాఖ పెట్టిన షరతుల్లో ఇటువంటి గది కూడా వొకటి. కొలతలు సైతం తేలికే. మెట్ల పక్కన వేసే వాలుదారి అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వుండాలి. కుర్చీ చుట్టూ తిరగటానికి అయిదడుగుల చోటు కావాలి. తలుపు మూడడుగులుంటే చాలు.

చిక్కు ఎక్కడంటే, ఇవి ఆజ్ఞలా, సలహాలా అన్నదగ్గర. రాజీవ్ రాతూరీ అనే చూపులేని పెద్దమనిషి వేసిన వ్యాజ్యంలో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. చట్టం తప్పనిసరి అంటుంటే నియమాలు సలహాలు చెపుతూ కూర్చోవటం కుదరదని, విధిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను విడిగా నిర్ణయించమని కేంద్రప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో తయారయిందంటే మనం గర్వపడవచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. వికలాంగులన్నాం, దివ్యాంగులన్నాం, విభిన్న ప్రతిభావంతులన్నాం. పేర్లు మార్చినంత సులువుగా గడపలు మార్చలేకపోయాం.

హోటలువాళ్ళను మాత్రం ఏమనగలం? ఖాళీగా వుంచిన గది అద్దె తేదు. "ఎప్పుడోగాని రారమ్మా" అన్న కుర్రాడు అబద్ధం చెప్పలేదు. వచ్చేవాళ్ళు లేరని గది వుంచరు. గది వుండదని వాళ్ళు రారు. ఈ చక్రం ఎక్కడో వొకచోట ఆగాలి. అమెరికాలో రాన్ మేస్ అనే వాస్తుశిల్పి వుండేవాడు. ఆయనకూ చిన్నతనంలోనే పోలియో. చక్రాల కుర్చీలోనే జీవితం గడిపి 1998లో పోయాడు. కొందరికోసం ప్రత్యేకంగా కట్టటం కన్న, కట్టేదేదో అందరికీ పనికివచ్చేట్టు కట్టమని ఆయన బోధ. ఆలోచిస్తే నిజమే. కడ్డీ పట్టుకుని లేవటం నా నడుముకూ హాయిగానే వుంది. మోకాళ్ళ నొప్పుల అత్తగారికి, నిండు గర్భిణికి, కాలు విరిగి కట్టు కట్టించుకున్న కుర్రాడికి గడప లేని స్నానాల గది వరం కాదా? అన్ని గదులూ అట్లాగే వుంటే నేను ఎవరి గదీ తీసుకున్నవాణ్ణి కాను.

ఆ రోజు వచ్చేదాకా నేను నా మట్టుకు మూడు నియమాలు పెట్టుకున్నాను. మామూలు గది దొరుకుతుంటే, ఆ గది విశాలమని ఆశపడను. అదొక్కటే మిగిలితే తీసుకుంటాను. రాత్రంతా వీధిలో నిలబడటంవల్ల ఎవరికీ లాభం లేదు. కాని తాళంచెవి తీసుకునేటప్పుడే, "కావలసినవాళ్ళు వస్తే అర్ధరాత్రయినా తలుపు తట్టండి. ఖాళీ చేసి ఏ గది వుంటే ఆ గదికి వెళతాం" అని చెప్పి, పుస్తకంలో రాయిస్తాను. ఇక మూడోది, లోపల వున్న వస్తువు దేన్నీ కదిలించను, ముఖ్యంగా ఎర్రతాడును. నాకు అడ్డంగా కనిపించినదానికే మరొకరి ప్రాణం వేలాడుతూ వుండవచ్చు.

ఆ సాయంత్రం ఖమ్మంవారు సముద్రం చూసి వచ్చారు. పిల్లవాడి జేబునిండా గవ్వలు. తండ్రి చేతిలో మంచినీళ్ళ సీసా, సగానికి పైగా ఖాళీ. నాకు ఆ సీసా చూస్తే, పెళ్ళిలో తిన్న పూర్ణాలకన్న ఎక్కువ తృప్తి కలిగింది.

రాత్రి పైన మా కొత్త గదిలో స్నానాల గది గడప తగిలి నా కాలి బొటనవేలు చితికింది. "కాస్త చూసి నడవకూడదూ?" అన్నది మా ఆవిడ.

ఆనాటినుంచి చూసే నడుస్తున్నాను. ఏ వూరు వెళ్ళినా, ఏ ఇంటికి వెళ్ళినా, నా కళ్ళు ముందు గడపమీదికే పోతున్నాయి.