డాక్టరు చెప్పిన లెక్క... తల్లికి యావజ్జీవం!

‘ఒకే ఇంట్లో ఇద్దరు పసిబిడ్డలు కారణం తెలియకుండా నిద్రలోనే చనిపోయే అవకాశం 7.3 కోట్లలో ఒక్కటి!’

1999లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ కోర్టులో ఓ సాక్షి చెప్పిన లెక్క ఇది. ఆ సాక్షి ఆషామాషీ మనిషి కాదు. పిల్లల వైద్యంలో పెద్ద పేరున్న ప్రొఫెసర్ సర్ రాయ్ మెడో. ముద్దాయి శాలీ క్లార్క్. ఆమె వృత్తిరీత్యా న్యాయవాది. పెద్దబాబు 1996 డిసెంబరులో, రెండోబాబు 1998 జనవరిలో చనిపోయారు. ఇద్దరికీ మూడు నెలలైనా నిండలేదు. పెద్దబాబుది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అని మొదట రాసిన పోస్ట్‌మార్టమ్ డాక్టరు, రెండోబాబు కూడా పోయాక అభిప్రాయం మార్చుకున్నాడు. తల్లే చంపిందని కేసు పెట్టారు. పదిమంది జ్యూరీ సభ్యులు అవునన్నారు. ఇద్దరు కాదన్నారు. శాలీకి యావజ్జీవ శిక్ష పడింది.

లెక్క ఎక్కడ తప్పింది?

శాలీలాంటి కుటుంబంలో ఓ బిడ్డ అలా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి అని ఓ అధ్యయనం చెప్పింది. ఇద్దరు పోయారు కాబట్టి ఆ అంకెను దాంతోనే గుణించేశారు మెడో. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఆ లెక్క సరిపోతుంది. కానీ ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలు విడివిడి నాణేలు కారు కదా! అన్నకు షుగరుంటే తమ్ముడికీ వచ్చే అవకాశం ఎక్కువ. అలాగే ఒక బిడ్డను బలిగొన్న వంశపారంపర్య లోపమో, ఇంటి వాతావరణమో రెండో బిడ్డకూ ముప్పు తేవచ్చు.

ఇంకో సంగతీ ఉంది. కన్నతల్లి ఇద్దరు బిడ్డల్ని చంపుకోవడమూ చాలా అరుదే. రెండు అరుదైన విషయాల్లో ఏది జరిగి ఉంటుందో తేల్చాల్సిన చోట ఒక్కదాని అరుదుతనమే చూశారు. ఆ లెక్కకు ఆధారం లేదని 2001లో బ్రిటన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా ప్రకటించింది.

అయితే శాలీని బయటికి తెచ్చింది మరో కాగితం. రెండోబాబు శరీరంలో పలుచోట్ల, వెన్ను ద్రవంలో కూడా బ్యాక్టీరియా ఉన్నట్లు చెప్పే ల్యాబ్ రిపోర్టు అది. పోస్ట్‌మార్టమ్ డాక్టరు దాన్ని బయటపెట్టలేదు. బిడ్డ దానివల్లే చనిపోయాడా అన్నది వేరే విషయం... జ్యూరీకి ఆ సంగతి తెలిసి ఉండాల్సింది. 2003 జనవరిలో అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసింది. అప్పటికే ఆమె మూడేళ్లకు పైగా జైల్లో గడిపింది. ఆ దెబ్బ నుంచి శాలీ కోలుకోలేదు. 2007లో, 42 ఏళ్లకే కన్నుమూసింది.

డాక్టరు ఏం చెప్పాలి?

మామూలు సాక్షి చూసింది, విన్నదే చెప్పాలి. నిపుణుడైన సాక్షికి మాత్రం అభిప్రాయం చెప్పే వీలుంది. మనదేశంలో 1872 నాటి సాక్ష్యాధార చట్టంలోని 45వ సెక్షన్ ఆ వీలు కల్పించింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 39వ సెక్షన్ ఆ పని చేస్తోంది.

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరుకు కోర్టు నుంచి సమన్లు వస్తాయి. గాయం ప్రాణం ఉండగా తగిలిందా, పోయాక తగిలిందా? ఈ కత్తితో అలాంటి గాయం అవుతుందా? చనిపోయి సుమారు ఎన్ని గంటలైంది? వీటికి ఆయన జవాబు చెప్పాలి. ఆ తర్వాత డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తారు. ‘మరోలా జరిగే అవకాశం ఉందా’ అని అడిగితే, ఉంటే ఉందనే చెప్పాలి. పిలిచింది పోలీసుల పక్షమే అయినా డాక్టరు ఏ పక్షం మనిషీ కాదు. చంపింది ఎవరో తేల్చడం ఆయన పని కాదు. ఆయన అభిప్రాయాన్ని కోర్టు ఒప్పుకొని తీరాలనీ లేదు. దానికి ఆధారమేంటో చూసి, మిగతా సాక్ష్యంతో కలిపి జడ్జి తూకం వేస్తారు.

కోర్టులో అందరూ నమ్మే సాక్షి డాక్టరే. అందుకే తెలిసింది దాచకుండా చెప్పడం ఎంత ముఖ్యమో... తెలియనిది ‘తెలియదు’ అనడమూ అంతే ముఖ్యం. ఆ ఒక్క మాట సమయానికి వినిపించి ఉంటే, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి కనీసం వాళ్ల కోసం తన ఇంట్లో కూర్చుని ఏడ్చుకునేది!