ట్రాక్టరుకు ట్రక్కు తగిలించుట, విప్పుట

ఎడ్లబండి తోలిన రైతులకు ముందు బరువు, వెనుక బరువు అను మాటలు వివరింప నక్కరలేదు. బస్తాలు ముందుకు చేరినచో కాడి ఎద్దుల మెడలను అణచును. వెనుకకు చేరినచో కాడి పైకి లేచి మెడ పలుపులు గొంతులను బిగియబట్టును. అందుచేత మన పెద్దలు బండి నింపిన పిమ్మట నొగ పట్టి ఒకమారు ఎత్తి చూచి, రెండు మూడు బస్తాలు అటునిటు జరిపి, ఆ తరువాతనే ఎద్దులను కట్టెడివారు. బండి విప్పునప్పుడు కూడ ముందు ఊతకర్ర నిలిపి, చక్రములకు రాళ్ళు పెట్టి, పిమ్మట పలుపులు విప్పెడివారు.

నేడు ఆ బండి స్థానమును ట్రాక్టరు ట్రక్కు ఆక్రమించినది. దీనినే కొన్ని తావుల ట్రాలీ అనియు, ట్రైలరు అనియు, తొట్టి అనియు అందురు. పేరు మారినది, బరువు పదింతలైనది గాని రెండు చక్రముల బండి స్వభావము మారలేదు. మారినదల్లా ఒక్కటే. ట్రాక్టరుకు మెడ నొప్పి పుట్టదు. అది ఎద్దువలె తల విదిలించి తన కష్టమును తెలుపదు. కావున నొగ ఎత్తి చూచు అలవాటు మనలో పోయినది. ట్రక్కు వలన కలుగు ప్రమాదములలో కొన్ని రోడ్డుమీద పరుగెత్తునప్పుడు గాక, కదలక నిలిచి ఉన్నప్పుడే, తగిలించు క్షణమునందును విప్పు క్షణమునందును జరుగుచున్నవి.

నేను కండ్లార చూచిన ఒక సంగతి చెప్పెదను. రబీ ధాన్యము తూకము జరుగుచున్న ఒక సాయంకాలము మబ్బు పట్టినది. ఒక ట్రక్కు ప్రక్క తలుపు తీసి ముందు భాగములోని బస్తాలను గబగబ దింపిరి. వెనుక భాగములోనివి అట్లే ఉన్నవి. ఈలోగా పొలములో మరియొక ట్రక్కు నిండి సిద్ధముగా ఉన్నదని కబురు వచ్చినది. ఈ ట్రక్కును ఇక్కడనే విడిచి ట్రాక్టరును అక్కడికి పంపవలెనని అందరును తొందరపెట్టిరి. తొందరపెట్టినవారిలో నేనును ఒకడను. డ్రైవరు తమ్ముడు, ఇరువది యేండ్ల కుర్రవాడు, పిన్ను లాగబోయెను. అది రాలేదు. సుత్తి తెచ్చి క్రిందినుండి రెండు దెబ్బలు వేసెను. మూడవ దెబ్బకు పిన్ను ఎగిరిపోయినది. దానితోపాటు ట్రక్కు ముందు కొస రివ్వున పైకి లేచి, వంగి ఉన్న ఆ పిల్లవాని భుజమును తాకినది. ట్రక్కు వెనుక భాగము నేలకు కూలబడినది. భుజపుటెముక విరిగి ఆ కుర్రవాడు మూడు నెలలు పని చేయలేకపోయెను. చెంపకు తగిలియున్నచో ప్రాణమే పోయెడిది.

అప్పుడు మా అందరి కంటబడనిది ఒక్కటే: పిన్ను ఎందుకు రాలేదు? తుప్పు లేదు, మట్టి లేదు. వెనుక బరువు వలన రింగు పైకి తన్నుచు పిన్నును ఒరపుగా బిగియబట్టినది. అనగా పిన్ను మాకొక వార్త చెప్పినది. మేము దానిని సుత్తితో కొట్టితిమి.

ఈ వ్యాసములో రైతులు మనసున నిలుపుకొనవలసిన ముఖ్య విషయము ఇదియే. సరిగా నిలిపిన ట్రక్కు పిన్ను రెండు వ్రేళ్ళతో వచ్చును. చేతికి రాని పిన్నుమీద ఏదో ఒక బరువు గాని, లాగుడు గాని ఉన్నదని అర్థము. ఆ బరువేమిటో తెలిసికొని తొలగించువరకు సుత్తి ముట్టరాదు.

బరువు లెక్క

రెండు చక్రముల ట్రక్కు ఒక త్రాసు వంటిది. ఇరుసు దాని ములుకు. రింగునుండి ఇరుసు వరకు పది అడుగుల దూరము ఉన్నదనుకొనుడు. 75 కిలోల బస్తాలు పది, అనగా 750 కిలోలు, ఇరుసుకు మూడడుగులు వెనుకగా ఉన్నవి. వానిని ఇరుసుకు మూడడుగులు ముందుకు మార్చితిమి. బరువు జరిగిన దూరము ఆరడుగులు. 750ని ఆరుచే గుణించి పదిచే భాగింపగా 450 కిలోలు వచ్చును. అనగా పది బస్తాల మార్పుతోనే రింగువద్ద నాలుగున్నర క్వింటాళ్ళ భేదము కలుగును. మొత్తము సరకులో ఒక బస్తాయైనను తగ్గలేదు, పెరగలేదు! సగము దింపిన ట్రక్కు నిండు ట్రక్కుకంటె ప్రమాదకరమగుటకు కారణమిదే.

రింగు ఎల్లప్పుడు ట్రాక్టరుమీద క్రిందికే కొంత ఒత్తుచుండవలెను. ఈ ఒత్తిడి వలన ట్రాక్టరు వెనుక చక్రములు నేలను గట్టిగా పట్టును. ఇంగ్లాండులో 1946లో తయారు కాసాగిన ఫెర్గూసను ట్రాక్టరుకు అమర్చిన ట్రక్కులలో ఇరుసును కావలెననియే వెనుకకు జరిపి, సరకు బరువులో కొంత ట్రాక్టరు వెనుక చక్రములమీద పడునట్లు చేసిరి. అయితే ఇది మితిమీరరాదు. కాలువ గట్టు ఎక్కునప్పుడు స్టీరింగు తేలికయైపోయి ముందు చక్రములు నేలను అంటీ అంటనట్లు దొర్లుచున్నచో ముందు బరువు ఎక్కువైనదని గ్రహించి, బస్తాలు వెనుకకు జరుపవలెను. రింగు ఎంత బరువు మోపవచ్చునో ట్రాక్టరుతో ఇచ్చు పుస్తకములో ఉండును. ఆ పుస్తకము చాలమంది ఇండ్లలో అటకమీద ఉన్నది; ఒకమారు దింపి చదువుట మంచిది.

ఎక్కడ తగిలింపవలెను?

ట్రక్కును ట్రాక్టరు వెనుక దానికై ఏర్పరచిన స్థిరమైన హుక్కుకే తగిలింపవలెను. ఇది వెనుక ఇరుసుకంటె క్రిందుగా ఉండును. ట్రక్కు బురదలో దిగబడినప్పుడు గొలుసును పైలింకు స్థానమునకు గాని, ఇరుసుకు పైన మరియెక్కడనైనను గాని తగిలించి లాగినచో ట్రాక్టరు ముందు భాగము లేచి, డ్రైవరుమీదనే వెనుకకు తిరుగబడును. ఇది కనురెప్ప పాటులో జరుగును. క్లచ్చి త్రొక్కు వ్యవధి కూడ ఉండదు.

మరియొక అలవాటు గురించి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. నాగలి, కల్టివేటరు ఎత్తు రెండు క్రింది లింకుల నడుమ రంధ్రముల కడ్డీ వేసి, దానికే ట్రక్కును తగిలించువారు కలరు. లివరు ఎత్తగానే రింగు కూడ లేచును గనుక ఎత్తు సరిచూచుకొను శ్రమ తప్పునని వారి ఉద్దేశము. హైడ్రాలిక్కు నూనె లింకులను ఎత్తును గాని అణచదు. క్రిందికి దిగుట వానిమీది బరువు వలననే జరుగును. ఇంజను ఆపి కొంతసేపు ఉంచినచో లింకులు మెల్లమెల్లగా క్రుంగవచ్చును. ఉదయము సరిగా ఉన్న ఎత్తు మధ్యాహ్నమునకు ఉండదు. వెనుక బరువు ఏర్పడినచో లింకులు రింగుతోపాటు పైకి లేచిపోవును. వానిని ఆపునది లేదు. కావున లింకులు కదలకుండ ఇనుప ఊతలు బిగించిననే తప్ప ఆ కడ్డీకి ట్రక్కును తగిలింపరాదు. రింగును తానే ఎత్తుకొను హుక్కు గల ట్రాక్టరులో హుక్కు పైకి వచ్చి గడియ పడినదని కంటితో చూచిన పిమ్మటనే కదలవలెను.

తగిలించు పద్ధతి

ట్రక్కు రెండు చక్రములకు ముందును వెనుకను అడ్డు పెట్టవలెను. రింగు ఎత్తును ట్రక్కు జాకీతోనే సరిచేయవలెను. చేతులతో ఎత్తి పట్టుకొనరాదు. జాకీ లేని ట్రక్కులు మన గ్రామములలో చాల ఉన్నవి. వానిని రాతిమీదనో మొద్దుమీదనో ఆనింతురు. మొద్దు దొర్లినచో కాలు నలుగును. ఊరి వెల్డింగు షాపులో మర జాకీ ఒకటి అమర్చుకొనుట కష్టము కాదు. నల్లరేగడి నేలలో జాకీ పాదము దిగబడును గనుక దాని క్రింద గట్టి చెక్క వేయవలెను. పది సెంటీమీటర్ల పాదము క్రింద ముప్పది సెంటీమీటర్ల నలుచదరపు చెక్క వేసినచో నేలమీది ఒత్తిడి తొమ్మిదవ వంతునకు తగ్గును.

ట్రాక్టరు వెనుకకు వచ్చునప్పుడు ట్రాక్టరుకు ట్రక్కుకు నడుమ ఎవ్వరును నిలువరాదు. సైగ చేయువాడు డ్రైవరుకు కనబడునట్లు ప్రక్కగా, టైరుకు దూరముగా నిలువవలెను. చిన్న గేరులో మెల్లగా వచ్చి, రంధ్రములు కలిసిన పిమ్మట న్యూట్రలులో వేసి, చేతి బ్రేకు బిగించి, ఇంజను ఆపవలెను. ట్రాక్టరు నడిపినవాడే దిగి పిన్ను వేయుట అన్నిటికంటె మేలు. ఇట్లయినచో ఒకడు పిన్ను వేయుచుండగా మరియొకని కాలు క్లచ్చిమీదనుండి జారు భయమే ఉండదు.

పిన్ను పైనుండి క్రిందికే వేయవలెను. దాని కొసన క్లిప్పు తప్పక ఉండవలెను. బోల్టు ముక్కలు, గునపపు ముక్కలు, బైండింగు తీగ పనికిరావు. గొలుసు కూడ తగిలించి, జాకీని పూర్తిగా పైకెత్తి, చక్రముల అడ్డు చివరగా తీయవలెను. రోడ్డెక్కుటకు ముందు ఎడమ కుడి బ్రేకు పెడళ్ళను గడియతో కలుపుట మరువరాదు. ఒక్క పెడలు మాత్రమే పడినచో వెనుకనున్న బరువు ట్రాక్టరును ప్రక్కకు త్రిప్పివేయును. ట్రక్కు సరకుకే గాని మనుష్యులకు కాదు. 2018 జూను 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది మరణించిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. గ్రామాధికారులు నాట్ల రోజులలోను, పత్తి తీతల రోజులలోను ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను.

విప్పు పద్ధతి

సమమైన నేల చూచుకొనవలెను. మొట్టమొదట ట్రక్కులో సరకు ఎటు ఉన్నదో చూడవలెను. వీలైనంతవరకు పూర్తిగా దింపిన పిమ్మటనే విప్పవలెను. సగము దింపి విప్పక తప్పనిచో మిగిలిన బస్తాలను ఇరుసుకు ముందు వెనుకల సరిపెట్టి, కొన్నింటిని ముందువైపునకు ఎక్కువగా ఉంచవలెను. ఇంజను ఆపి, చక్రములకు అడ్డు పెట్టి, చెక్కమీద జాకీ దింపి, రింగు బరువు జాకీ మీదికి వచ్చువరకు త్రిప్పవలెను. పిమ్మట పిన్నును చేతితో అటునిటు కదపవలెను. కదలనిచో జాకీని ఒక చుట్టు ఎక్కువగానో తక్కువగానో త్రిప్పి మరల చూడవలెను. జాకీమీద బరువే పడక, రింగు తనంత తాను పైకి లేచుచున్నచో అది వెనుక బరువని తెలిసికొని, బస్తాలు ముందుకు జరుపువరకు పిన్ను తీయరాదు.

ఎత్తి పోయు ట్రక్కైనచో తొట్టిని పూర్తిగా దింపి, లివరును అటునిటు కదిపి, నూనె గొట్టములోని ఒత్తిడిని పోగొట్టిన తరువాతనే గొట్టము విప్పవలెను. లేనిచో లోపల చిక్కిన నూనె ఎండకు వ్యాకోచించి, మరునాడు గొట్టము ఎంత నొక్కినను ఎక్కదు. గొట్టమునకు సన్నని చిల్లు ఉన్నదేమోనని వ్రేలితో తడిమి చూడరాదు. ఒత్తిడితో వచ్చు నూనె చర్మములోనికి దూరును; గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. గొట్టము కొసకు మూత పెట్టి, దీపముల తీగతోపాటు నేలకు తగులకుండ ముడిచి ట్రక్కుకే కట్టవలెను.

గొలుసు, పిన్ను తీసిన పిమ్మట ట్రాక్టరును తిన్నగా ముందుకు నడిపి, రెండు గజములు పోయి ఆగి వెనుకకు చూడవలెను. ఏదైనను విప్పుట మరచియుండినచో అక్కడనే తెలియును. తీసిన పిన్నును క్లిప్పుతో సహా ట్రక్కు రింగులోనే వేసి ఉంచినచో మరునాడు వెదుకుకొని, దొరకక, బోల్టు ముక్క వేయు అవసరము రాదు.