కొత్త బ్రేకుకు తొలి పాఠం

వాలులో సైకిలు బ్రేకు పట్టి దిగాక రబ్బరు ముక్కను తాకితే వెచ్చగా ఉంటుంది. ఎందుకని? సైకిలుకున్న గతిజ శక్తి రాపిడివల్ల వేడిగా మారింది. కారులోనూ అంతే. చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కును ప్యాడ్లు రెండువైపులా నొక్కుతాయి.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటైలో కార్ల పందేల బాట ఉంది. అలాంటి బాటలపై ఔత్సాహికులు కూడా సొంత కార్లు నడిపే రోజులుంటాయి. 1000 కిలోల కారు గంటకు 144 కిలోమీటర్ల వేగం నుంచి 72కు తగ్గితే 6 లక్షల జౌళ్ల శక్తి ఖర్చవుతుంది. 30 డిగ్రీల నీరు 2 లీటర్లు మరగడం మొదలవడానికి అది చాలు! ఆ వేడంతా దాదాపు బ్రేకులదే. మలుపు మలుపుకూ ఇదే తంతు.

మామూలు ప్యాడ్లలోని రెజిన్ అనే జిగురు అంత వేడికి చెడి, వాయువులు వెలువడతాయి. పట్టు జారుతుంది. అందుకే వేడిని ఓర్చే ప్యాడ్లు ఎంచుకుంటారు. మరి వాటినే ఊళ్లోనూ వాడవచ్చుగా? కూడదు. వాటిలో చాలా రకాలు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. రోడ్డు మీద మొదటి బ్రేకుకే కారు ఆగాలి కదా!

కొత్త ప్యాడ్లు బిగించగానే పరుగు తీయించరు. ఖాళీ బాటపై, కారును పూర్తిగా ఆపకుండా, వేగాన్ని పలుమార్లు తగ్గిస్తారు. క్రమంగా వేడెక్కి, ప్యాడు పదార్థం డిస్కుపై పలుచని పొరగా పరుచుకుంటుంది. తర్వాత బ్రేకు తొక్కకుండా నడుపుతూ చల్లారుస్తారు. వేడిమీద పెడల్ తొక్కిపట్టి నిలిపితే పదార్థం ఒకేచోట మందంగా అంటుకుంటుంది. ఆపైన బ్రేకు వేసినప్పుడల్లా కారు అదురుతుంది.

కొత్త ఇనుప పెనానికి నూనె రాసి, కాచిన తర్వాతే దోసె పోస్తారు. బ్రేకుకూ అలాంటి ఓపికే కావాలి.