కరెంటు ఉచితమే... మోటారు కాలితే ఖర్చు మనదే!

వరి పొట్ట మీదుంటుంది. కరెంటు వస్తుంది, మోటారు మూలుగుతుంది, నీళ్లు మాత్రం సరిగా పైకి రావు. నాలుగు రోజులు అలాగే నడిపితే వైండింగ్ కాలిపోతుంది. బోరు కింద సేద్యం చేసే రైతులందరికీ తెలిసిన బాధే ఇది. లో వోల్టేజి అని కరెంటోళ్లను తిట్టుకుంటాం. కానీ కారణం కొంత మన మోటారు దగ్గర కూడా ఉంటుంది.

దేశంలో ఫ్యాక్టరీలు, పట్నాలు పెరిగేకొద్దీ కరెంటు వాడకమూ పెరుగుతోంది. ఉన్న కరెంటుతోనే ఎక్కువ పని జరగాలని కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం తెచ్చింది. దాని అమలుకు 2002 మార్చి 1న బీఈఈ అనే సంస్థ ఏర్పడింది. ఫ్రిజ్‌ల మీద మీరు చూసే స్టార్ గుర్తులు 2006లో మొదలయ్యాయి. తర్వాత పంపుసెట్లకూ వచ్చాయి. స్టార్లు ఎక్కువుంటే అన్నే నీళ్లకు తక్కువ కరెంటు పడుతుందని అర్థం.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత కరెంటు వచ్చింది. దాని వెంటే నాలుగు షరతులూ వచ్చాయి. కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, రాపిడి తక్కువగా ఉండే ఫుట్ వాల్వు, ప్లాస్టిక్ పైపులు. ఉచితం అందరికీ గుర్తుంది, షరతులను చాలామంది మరిచారు.

బిల్లే రానప్పుడు పొదుపు ఎందుకంటారా? యూనిట్ల లెక్క సర్కారుది. మన లెక్క నీళ్లు, రీవైండింగ్ ఖర్చు. కెపాసిటర్ లేని మోటారు లైను నుంచి అదనంగా కరెంటు లాగుతుంది. దాంతో లైను చివరున్న రైతుకు వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే అతని మోటారు ఇంకా ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి అదీ కాలితే అందరి పైర్లూ ఎండుతాయి.

ఏం చేయాలి?

* 3 హెచ్‌పీ మోటారుకు 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించాలి. మోటారు ఆపినా అందులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. చేయి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌తోనే బిగించుకోండి.

* ఆటో స్టార్టర్ తీసేయాలి. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు.

* నీళ్లు పడే పైపును అవసరానికి మించి ఎత్తు లేపొద్దు. ఎత్తు పెరిగినకొద్దీ నీళ్లు తగ్గుతాయి.

* పదేపదే రీవైండింగ్ చేయించిన మోటారు ఎక్కువ కరెంటు తాగి తక్కువ నీళ్లిస్తుంది. మార్చాల్సి వచ్చినప్పుడు స్టార్ గుర్తు చూసి కొనండి.

స్టార్ మోటారు ధర ఎక్కువ. ఎకరం, రెండెకరాల రైతు సొంతంగా కొనలేడు. పొదుపయ్యే కరెంటు లాభం సర్కారుకే కాబట్టి, ఆ ఖర్చులో సర్కారు భాగం పంచుకోవాలని రైతులు అడగడం న్యాయమే. కానీ కెపాసిటర్ కోసం అంతవరకూ ఆగనక్కర్లేదు. అది ఒక్కరు పెట్టుకుంటే చాలదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కూర్చుని, వచ్చే నాట్ల లోపే అందరి మోటార్లకూ ఉండేలా మాట్లాడుకోండి.