వాడిది లెక్కల బుర్ర కాదని చెప్పింది నేనే

సెకండియర్ మొదట్లో ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. ఫోన్లలో మాత్రం చార్జింగ్ ఉంది. ఎవరో గ్రూపులో ఒక క్విజ్ లింకు పెట్టారు. ‘మీలో ఉన్న ఎనిమిది తెలివితేటల్లో ఏది ఎక్కువ?’ అని. నలభై ప్రశ్నలు. పనేమీ లేదు కాబట్టి రూమ్‌లో నలుగురం చేసేశాం.

మా రూమ్మేట్ది పలాస వైపు. కబడ్డీ బాగా ఆడతాడు. వాడికి ‘శరీర చలన మేధ’ అన్నిటికన్నా పైన వచ్చింది, ‘తార్కిక గణిత మేధ’ అట్టడుగున. అప్పటికే వాడికి ఎం-2 బ్యాక్‌లాగ్ ఉంది, రెండు వారాల్లో సప్లీ. వాడి మొహం చూసి ఓదారుద్దామనుకున్నాను. “నీ తప్పేం లేదురా, నీది లెక్కల బుర్ర కాదంతే. ఇది హార్వర్డ్ ప్రొఫెసర్ చెప్పిన థియరీ” అన్నాను. నిజంగా మంచి మాట చెప్పాననే అనుకున్నాను.

సప్లీ రోజు వాడు పరీక్షకి వెళ్లలేదు. సాయంత్రం క్యాంటీన్‌లో అడిగితే, “నువ్వే కదరా అన్నావు నాది లెక్కల బుర్ర కాదని? మరింక ఏటి రాసేది?” అన్నాడు. కోపంగా కాదు, టీ తాగుతూ మామూలుగా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అసలా హార్వర్డ్ ప్రొఫెసర్ ఏం చెప్పాడో చదవకుండానే ఆయన పేరు వాడేశానని అప్పుడు తెలిసింది. తర్వాత చదివాను. చదివింది, దాంతో మా క్లాసులో చేసింది ఇక్కడ రాస్తున్నాను. ఆ క్విజ్ మీలో చాలామంది కూడా చేసే ఉంటారు కదా.

ఆయన పేరు హోవార్డ్ గార్డ్‌నర్. 1983లో ‘ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్’ అనే పుస్తకం రాశాడు. అప్పటిదాకా తెలివి అంటే ఒకటే, దాన్ని ఐక్యూ పరీక్షతో కొలిచి ఒక అంకెలో చెప్పొచ్చు అన్న నమ్మకం బలంగా ఉండేది. గార్డ్‌నర్ రెండు చోట్ల పనిచేశాడు. ఒకటి, మెదడుకి దెబ్బ తగిలిన రోగులున్న ఆసుపత్రి. రెండోది, కళల్లో దిట్టలైన పిల్లలతో పరిశోధన. దెబ్బ తగిలి మాట పోయిన మనిషికి సంగీతం మిగిలి ఉండొచ్చు. లెక్క చెడకుండా దారి గుర్తుపట్టే శక్తి ఒక్కటే పోవచ్చు. తెలివి ఒకటే ముద్ద అయితే ఇలా ముక్కలుగా పోకూడదు కదా అన్నది ఆయన ప్రశ్న. భాష, తర్కం-గణితం, సంగీతం, స్థలజ్ఞానం, శరీర చలనం, ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడం, తనని తాను అర్థం చేసుకోవడం అని మొదట ఏడు చెప్పాడు. ప్రకృతిని గుర్తించి వర్గీకరించే ఎనిమిదోది తర్వాత చేర్చాడు.

ఆ పుస్తకంలో నాకు నచ్చింది పసిఫిక్‌లోని పులువాట్ దీవి నావికుల ప్రస్తావన. నక్షత్రాల్ని గుర్తుపెట్టుకుని వందల దీవుల మధ్య పడవ నడిపే కుర్రాడికి తెలివి ఉందా లేదా అని అడగడానికి మన పరీక్ష పేపర్ ఎలా సరిపోతుంది? దానికోసం పసిఫిక్ దాకా వెళ్లక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్లి వేట నుంచి వచ్చిన వాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. ఒడ్డు మీది కొండల వరసనీ, గాలినీ, నీటి రంగునీ చూసి ఎక్కడ వల వెయ్యాలో చెప్పేవాళ్లున్నారు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలోంచి అంత పెద్ద ఓడని ఇన్నర్ హార్బర్‌లోకి తెచ్చే పైలట్ బుర్రలో నడిచే లెక్కని మన ఎం-2 పేపర్ కొలవలేదు.

ఇక్కడిదాకా క్విజ్ వాళ్లూ చెబుతారు. చెప్పనివి రెండున్నాయి.

మొదటిది, ఈ సిద్ధాంతాన్ని చాలామంది మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఒక రకం పరీక్షలో బాగా చేసేవాళ్లు మిగతా రకాల్లోనూ కాస్త బాగానే చేస్తారని 1904లోనే స్పియర్‌మన్ చూపించాడు. అంటే ఈ ‘తెలివితేటలు’ ఒకదానికొకటి సంబంధం లేని వేరు వేరు గదులు కావు. గార్డ్‌నర్ విభజనకి కొలతల్లో రుజువు తక్కువ అన్న విమర్శ ఇప్పటికీ ఉంది. నాకూ అది న్యాయంగానే అనిపించింది.

రెండోది ఇంకా ముఖ్యం. ‘నువ్వు కళ్లతో నేర్చుకునే రకం, నువ్వు చేతులతో నేర్చుకునే రకం’ అని మనుషుల్ని విడగొట్టడం గార్డ్‌నర్ మాటే కాదు. వాటిని లెర్నింగ్ స్టైల్స్ అంటారు. తన సిద్ధాంతాన్ని దాంతో కలపొద్దని ఆయనే 2013లో గట్టిగా రాశాడు. ఒక్కొక్కరికీ వాళ్ల ‘స్టైల్’లో చెబితే ఎక్కువ నేర్చుకుంటారన్న దానికి సరైన రుజువు లేదని 2008లో పాష్లర్, ఇంకో ముగ్గురు కలిసి పాత పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. 1995 నాటి వ్యాసంలో గార్డ్‌నర్ తన పేరు మీద జరుగుతున్న వేషాల జాబితా కూడా ఇచ్చాడు. పిల్లలు లెక్కలు చేస్తుంటే వెనకాల పాట పెట్టి దాన్ని సంగీత మేధ అనడం, ఊరికే చేతులూపించి శరీర చలన మేధ అనడం లాంటివి. పాఠానికి దాంతో పనిలేనప్పుడు అది కాలక్షేపమే. సూత్రాన్ని సినిమా పాట ట్యూన్‌లో పాడుకోవడం మనమూ చేశాం ఇంటర్‌లో. సూత్రం గుర్తుంది, దాన్ని ఎక్కడ వాడాలో గుర్తులేదు.

మరి క్లాసులో దీన్ని వాడేది ఎలా? 1991లో వచ్చిన ‘ది అన్‌స్కూల్డ్ మైండ్’ అనే పుస్తకంలో ఆయన ఒక పోలిక చెప్పాడు. ఏ పాఠమైనా ఒక గది అనుకుంటే దానికి చాలా గుమ్మాలుంటాయి: కథ, లెక్క, మూలప్రశ్న, చూసే వినే అందం, చేతులతో చేసే పని. గుమ్మాలు ఉన్నది పాఠానికి. మనుషుల నుదుటి మీద కాదు. నేను మా వాడికి చేసింది సరిగ్గా దీనికి తిరగేసి. గుమ్మం చూపించాల్సింది పోయి, వాడి నుదుటి మీద స్టిక్కర్ అంటించాను.

తర్వాతి సెమ్‌లో మెటీరియల్ సైన్స్ సెమినార్‌కి నాకు ఐరన్-కార్బన్ డయాగ్రమ్ వచ్చింది. మెకానికల్ వాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచీల కోసం చెప్తాను. ఇనుములో ఎంత కార్బన్ ఉంటే, ఎంత వేడి దగ్గర, లోపల ఏ రూపం ఉంటుందో చూపించే పటం అది. ఉక్కు ఊళ్లో ఉంటూ దీన్ని బట్టీ పట్టేసి వదిలెయ్యడం సిగ్గుచేటే, కానీ అందరం అదే చేస్తాం. నేనూ నలభై స్లైడ్లు చేశాను. 727 డిగ్రీలు, 912 డిగ్రీలు, 2.14 శాతం అని చదువుకుంటూ పోయాను. అయిపోయాక డౌట్స్ అడగమన్నాను. ఒకడు అటెండెన్స్ ఎప్పుడు వేస్తారని అడిగాడు.

సార్ మంచివారు. వచ్చేవారం మళ్లీ చెప్పమన్నారు. ఈసారి స్లైడ్లు తీసేశాను.

మొదటి గుమ్మం కథ. తెలంగాణలో నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో కరిగించి చేసిన ఉక్కు అరబ్బు దేశాలకి, పర్షియాకి వెళ్లేది. డమాస్కస్ కత్తులుగా పేరొందిన రకం అదే. ఇంగ్లీషులో దాన్ని ‘వూట్జ్’ అంటారు. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. అందులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. మనం ఇళ్లకి వాడే ఊచల్లో పావు శాతానికి అటూ ఇటూ. ఇంత చిన్న తేడాకి అంత వేరే లోహం ఎందుకైంది అన్న ప్రశ్న బోర్డు మీద రాసి వదిలేశాను.

రెండోది వర్క్‌షాప్. అక్కడి అసిస్టెంట్ గారిని బతిమాలితే గ్రైండర్ దగ్గర నిలబెట్టారు, అందరికీ కళ్లద్దాలు పెట్టి. మెత్తటి ఉక్కు ముక్క ఆనిస్తే నిప్పురవ్వలు పొడుగ్గా గీతల్లా వచ్చాయి. పాత ఫైల్ ముక్క ఆనిస్తే కాకరపువ్వొత్తిలా చిట్లాయి. కార్బన్ ఎక్కువున్నకొద్దీ రవ్వలు ఎక్కువ చిట్లుతాయి. పాతకాలం మేస్త్రులు ఇలా చూసే ఉక్కు రకం చెప్పేవారు. ఈ అందం పాఠంలో భాగమే, వెనకాల పెట్టిన పాట కాదు.

మూడోదానికి మనుషులు కావాల్సి వచ్చారు. మామూలు వేడి దగ్గర ఇనుము పరమాణువులు బీసీసీ పద్ధతిలో ఉంటాయి. అంటే ఒక పెట్టెకి ఎనిమిది మూలల్లో ఎనిమిది, నట్టనడుమ ఒకటి. నలుగుర్ని కింద కూర్చోబెట్టి, నలుగుర్ని బెంచీల మీద నిలబెట్టి, మధ్యలో మా రూమ్మేట్‌ని పెట్టాను. 912 డిగ్రీలు దాటితే అది ఎఫ్‌సీసీ అవుతుంది. మూలల్లో ఎనిమిది, ఆరు ముఖాల మధ్యలో ఆరు. పై ముఖం మధ్యలో మనిషిని గాల్లో వేలాడదీయడం కుదరదు కాబట్టి దాన్ని టేబుల్ టెన్నిస్ బంతులతో అంటించాం. బీసీసీలో పరమాణువులు 68 శాతం చోటు నింపితే, ఎఫ్‌సీసీలో 74 శాతం నింపుతాయి. అంటే ఎఫ్‌సీసీ ఎక్కువ ఇరుకు.

అక్కడ మా వాడు ఆపాడు. “ఉండ్రా. ఇరుకైపోతే కార్బన్‌కి చోటు తగ్గాలి కదా? నువ్వేమో ఎఫ్‌సీసీలో 2.14 శాతం దాకా పడుతుంది, బీసీసీలో 0.022 కూడా దాటదు అన్నావు. వందరెట్ల తేడా. అదెలా?”

క్లాసంతా మౌనం. ఆ ప్రశ్న నలభై స్లైడ్లు చేసిన నాకు రాలేదు. సార్ నవ్వి, చెప్పమన్నట్టు నావైపు చూశారు. నాకు తెలీదు. ఇరవై నిమిషాలు అందరం బంతులు తిప్పి చూశాం. చివరికి మా వాడే ఆర్టీసీ బస్సుతో తేల్చాడు. గాజువాక బస్సులో జనం కాస్త ఎడంగా, ఎటు చూసినా బెత్తెడు సందుతో నిలబడ్డారనుకోండి. ఖాళీ చోటు మొత్తం ఎక్కువే, కానీ బ్యాగు పెట్టడానికి ఒక్క సందూ చాలదు. అదే జనం దగ్గరగా సర్దుకుని నిలబడితే మొత్తం ఖాళీ తగ్గుతుంది, కానీ ఒక్కచోట బ్యాగు పట్టేంత సందు ఏర్పడుతుంది. ఎఫ్‌సీసీలో అదే జరుగుతుంది. సందులు తక్కువ, ఒక్కొక్కటీ పెద్దది. పెద్ద సందు కొలత లెక్కవేస్తే ఎఫ్‌సీసీలో ఇనుము పరమాణువు వ్యాసార్థానికి 0.414 రెట్లు, బీసీసీలో 0.291. ఆ లెక్క బోర్డు మీద వేసింది కూడా వాడే. పైథాగరస్ తప్ప ఏమీ లేదు అందులో. నిజానికి కార్బన్ ఆ పెద్ద సందుకన్నా కూడా లావే. తోసుకుని దూరుతుంది, మన బస్సుల్లో లాగే.

అక్కణ్ణుంచి టీఎంటీ ఊచ ఎంతసేపు? మిల్లులోంచి ఎర్రగా వచ్చిన ఊచ మీద నీళ్లు కొడితే పై పొర ఒక్కసారిగా చల్లారుతుంది. సందులు మూసుకుపోయే వేగానికి కార్బన్ బయటికి రాలేక ఇరుక్కుపోతుంది. అదే మార్టెన్‌సైట్, గట్టి పొర. లోపల మిగిలిన వేడి ఆ పొరని కాస్త మెత్తబరుస్తుంది. నడుమ భాగం నెమ్మదిగా చల్లారి సాగే గుణంతో ఉండిపోతుంది. ల్యాబ్‌లో ఊచ ముక్క కోసి, నున్నగా రుద్ది, నైటాల్ రాస్తే అంచున నల్లటి ఉంగరం కనిపించింది. కట్టుబడి జరిగే ప్రతి సందులోనూ ఆ ఊచలు పడుంటాయి, రోజూ దాటుకుంటూ వస్తాం.

ఇప్పుడు ఆ క్విజ్ ప్రకారం ఆలోచించండి. మా వాణ్ణి నిలబెట్టింది ‘శరీర చలన’ గుమ్మం దగ్గర. అడిగింది శుద్ధ తర్కం ప్రశ్న. చేసింది జ్యామితి లెక్క. అట్టడుగున వచ్చిందన్న మేధ అదే.

ఇవన్నీ డబ్బున్న బళ్లలో చేసుకునే ముచ్చట్లు అంటారేమో. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే ఉండే చిన్న బళ్లు నడిపారు. వేరువేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉంటారు కాబట్టి ఉపన్యాసం ఎలాగూ కుదరదు. పద్మనాభరావు, రమ గార్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన పటం పెట్టారు. పిల్లవాడు తను ఏ మెట్టు మీదున్నాడో తనే చూసుకుని, ఆ కార్డు తీసుకుని పని మొదలుపెడతాడు. ఒకటి ఆట, ఒకటి పాట, ఒకటి రాత, ఒకటి చేతిపని. నాలుగు రోజులు బడికి రాకపోతే ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. తూకాలూ కొలతలూ నేర్పడానికి పిల్లలే అంగళ్లు పెట్టే మెట్రిక్ మేళా జరిపేవారు. ఆ పద్ధతి చూసి చెన్నై కార్పొరేషన్ బళ్లు 2003 నుంచి అలాంటిదే మొదలుపెట్టాయి. ఇది గార్డ్‌నర్ పుస్తకం చూసి కట్టింది కాదు. అవసరం చూసి కట్టింది. అయినా అక్కడ ఏ పిల్లవాడినీ ‘పాటల రకం’ అనో ‘ఆటల రకం’ అనో విడగొట్టరు. అందరూ అన్ని కార్డులూ చెయ్యాల్సిందే.

మన క్లాసుల్లో అరవై డెబ్భై మంది, సెమ్‌కి ఐదు యూనిట్లు. ప్రతి పాఠానికీ గ్రైండర్లూ బంతులూ కుదరవు, నాకు తెలుసు. ఆ సెమినార్ వల్ల మాకు రెండు పీరియడ్లు పోయాయి, వేరే యూనిట్ పరుగులో అయిపోయింది. యూనిట్‌కి ఒక్క కీలకమైన ముడి దగ్గర రెండు మూడు గుమ్మాలు తెరిస్తే చాలని నా లెక్క. దానికి లెక్చరర్ల కోసం ఆగక్కర్లేదు. సెమినార్లు ఇచ్చేది మనమే. ఎగ్జామ్ ముందురోజు రాత్రి పక్కవాడికి చెప్పేదీ మనమే. ఒకసారి చెప్పింది ఎక్కకపోతే అదే మాట గట్టిగా మళ్లీ చెప్తాం. అక్కడ ఇంకో వైపు నుంచి చెప్పి చూడొచ్చు.

ఎం-2 సప్లీ మళ్లీ వచ్చింది. ప్రస్తుతం మా రూమ్‌లో డబుల్ ఇంటిగ్రల్స్ నడుస్తున్నాయి. మొన్న ఆదివారం పూర్ణా మార్కెట్ నుంచి ఒక పుచ్చకాయ తెచ్చి, ముక్కలు అడ్డంగా కోసినా నిలువుగా కోసినా మొత్తం అంతే వస్తుందని ఆర్డర్ మార్చడం గురించి మొదలుపెట్టాను. సగంలో వాడు కత్తి లాక్కుని, “ఇది అర్థమైంది గానీ, లిమిట్స్ మారుతాయి కదా, ఆ గీత గియ్యి ముందు” అన్నాడు. గీశాను. తప్పు గీశానని చూపించాడు.